పుల్ల రెండో చివర

మా కంపెనీ డీజిల్ కారు చేయబోతోందని నోటీసు అంటించిన రోజు క్యాంటీన్‌లో ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. అరవై ఏళ్లుగా మేం చేసినవన్నీ పరుగు కార్లు, పెట్రోలు తప్ప మరొకటి ముట్టనివి. "ఇక బండితో పాటు నాగలి కూడా ఇస్తారేమో" అని పెయింటు షాపు అతనొకడు అన్నాడు. నలుగురు ముక్కుతో నవ్వారు. రెండు బల్లల అవతల కూర్చున్న మా అన్నయ్య తలెత్తలేదు. చెంచాతో టీ కలుపుతూ, ఎప్పటిలాగే సన్నగా కూనిరాగం తీస్తున్నాడు.

కొనేవాళ్లు మారిపోయారు. వాళ్లకు వేగం కావాలి, వారానికి రెండుసార్లు బంకు ముందు నిలబడడం మాత్రం వద్దు. మా పోటీవాళ్లంతా అప్పటికే డీజిల్‌కు దిగారు. చివరికి మిగిలింది మేమే. మీటింగులో చీఫ్ గారు ఒక్కటే షరతు పెట్టారు. ఇంజిన్ ఏదైనా కానివ్వండి, లోపల కూర్చున్నవాడికి మాత్రం మన పాత ఇంజినే వినపడాలి అన్నారు. అని నా వైపు చూశారు.

నేను కార్ల శబ్దాలు దిద్దుతాను. అదే నా ఉద్యోగం. గోడలకూ పైకప్పుకూ స్పాంజి అతికించిన చిన్న గది, ఒక కుర్చీ, రెండు స్పీకర్లు, కిటికీ లేదు. తలుపు మూస్తే కాసేపటికి చెవుల్లో నా రక్తం నడిచే చప్పుడు వినపడుతుంది. మొదటి ఏడాది దానికి భయపడేదాన్ని. ఆ తరువాత అదే తోడైంది. పదకొండేళ్లు ఆ గదిలో తలుపు పడే చప్పుడు, సీటు బెల్టు తగులుకునే చప్పుడు, అద్దం కిందికి దిగే చప్పుడు సవరిస్తూ గడిపాను. నా పని బాగుంటే ఎవరూ దాన్ని గమనించరు. బాగుండడమంటే గమనించకపోవడమే. అలా పదకొండేళ్లు బాగున్నాను.

డీజిల్ ఇంజిన్ తడుతుంది. దాని స్వభావమే అంత. చెవి దగ్గర పెట్టి వింటే, లోపల ఎవరో ఇరుక్కుపోయి, విసుగు లేకుండా తలుపు కొడుతున్నట్టు ఉంటుంది. దాన్ని మింగేయాలంటే దానికి సరిగ్గా ఎదురు శబ్దం పంపాలి. డ్యాష్‌బోర్డు కింద ఒక స్పీకరు, పొగగొట్టం పక్కన ఒకటి పెడతాం. అవి తట్టుడును చంపేసి, ఆ ఖాళీలో పాత పెట్రోలు ఇంజిన్ గొంతు నింపుతాయి. తొక్కినకొద్దీ ఆ గొంతు లేస్తుంది, వదిలితే తగ్గుతుంది. నడిపేవాడికి తేడా తెలియదు.

ఆ గొంతు నా దగ్గర ఉంది. పెట్రోలు ఇంజిన్ల లైను విప్పేసే ముందు, ఆఖరి ఇంజిన్‌ను పరీక్ష గదిలో నడిపినప్పుడు నేనే రికార్డు చేశాను. ఆ ఇంజిన్‌ను పరీక్షించినవాడు మా అన్నయ్య.

అన్నయ్యను షాపులో అందరూ పుల్లాయన అంటారు. కారణం చేతిలో ఎప్పుడూ ఉండే మూరెడు కర్రపుల్ల. దాని ఒక చివర నడుస్తున్న ఇంజిన్ మీద ఆనించి, రెండో చివర పళ్ల మధ్య కరిచిపట్టుకుంటాడు. ఇంజిన్ చప్పుడు చెవుల్లోంచి కాకుండా ఎముకల్లోంచి తలలోకి వస్తుంది. అప్పుడు ముక్కుతో ఆ ఇంజిన్ శ్రుతికి తన గొంతు కలుపుతాడు. రెండు స్వరాలు దగ్గరగా ఉండి ఒకటి కానప్పుడు వాటి మధ్య ఒక అల పుడుతుంది. ఊఁ... ఊఁ... ఊఁ అని పెరిగి తరుగుతూ ఉంటుంది. శ్రుతి దగ్గరయ్యేకొద్దీ అల నెమ్మదిస్తుంది. ఒకటైపోగానే అల ఆగిపోతుంది. అది ఆగిన చోటే ఇంజిన్ నిలకడగా నిలబడితే మంచి ఇంజిన్. లోపల ఎక్కడ చిన్న వంకర ఉన్నా అల మళ్లీ లేస్తుంది. ఎన్ని మీటర్లు తెచ్చి పెట్టినా, పుల్లాయన తల ఊపనిదే మా దగ్గర ఇంజిన్ గడప దాటేది కాదు. ఇరవై ఏడేళ్ల పద్ధతి అది.

నేను అన్నావదినలతోనే ఉంటాను. అన్నయ్య ఇంట్లోనూ అంతే. గడ్డం గీసుకుంటూ, బూట్లు తుడుస్తూ, ఫ్రిజ్ తలుపు పట్టుకుని నిలబడి కూనిరాగం తీస్తాడు. పాట కాదు, ఒకే స్వరం. వదినకు అది వేళాకోళం. పెళ్లయిన కొత్తలో మిక్సీ వేస్తే దానికీ శ్రుతి కలిపేవాడని, గురకలో కూడా గేర్లు మారుస్తాడని, మెట్టెక్కేటప్పుడు రెండో గేరు వినపడుతుందని చెప్పి నవ్వేది. మాకు అది ఇంట్లో గోడ గడియారంలాంటిది. ఉందని గుర్తుండదు.

ఆఖరి ఇంజిన్‌ను రికార్డు చేసిన రోజు పరీక్ష గదిలో నాలుగు మైకులు పెట్టాను. నాలుగింటిలోనూ ఫ్యాను హోరే పడింది. టైము లేదు, సాయంత్రానికి లైను విప్పడం మొదలుపెడతారు. అప్పుడు నాకొక ఉపాయం తట్టింది. గోరంత మైకు ఒకటి తీసి అన్నయ్య పుల్లకు అతికించాను. వెంటనే గాలి, ఫ్యాను, గది అన్నీ మాయమై స్వచ్ఛమైన ఇంజిన్ వచ్చింది. అంత అందమైన శబ్దం అంతకుముందు నేను వినలేదు. ఆ పుల్ల ఒక చివర దేనికి ఆనిందో చూశాను. రెండో చివర ఎవరి పళ్ల మధ్య ఉందో ఆలోచించలేదు. కర్రకు శబ్దం ఎటునుంచి వచ్చినా ఒకటే.

కొత్త కారులో ఆ శబ్దం ఎక్కించి ట్రాక్ మీద తిప్పిన మొదటి రోజు టెస్ట్ డ్రైవర్ దిగి నేరుగా నా దగ్గరికి వచ్చాడు. తన చేతుల మీది రోమాలు చూపించి, ఇది పాతదానికంటే బాగుంది, ఒంటరిగా ఉన్నట్టే లేదు అన్నాడు. చీఫ్ గారు తనే ఎక్కి మూడు చుట్లు తిరిగారు. దిగి నాతో చేయి కలిపారు. పదకొండేళ్లలో మొదటిసారి నా పనిని ఎవరో విన్నారు. ఆ రోజు ఇంటికి నడుస్తూ, కారణం లేకుండా ఒక వీధి ఎక్కువ తిరిగాను.

నాలుగైదు రోజుల తరువాత, బట్టలు మడతపెడుతూ వదిన అడిగింది.

"మీ అన్నయ్య రాగం మానేశాడు. గమనించావా?"

గమనించలేదు. చెప్పాక ఇల్లు ఒక్కసారిగా పెద్దదైనట్టు అనిపించింది. బాత్రూములో కుళాయి చప్పుడు, దాని వెనక ఏమీ లేదు. డీజిల్ ఇంజిన్లు పరీక్షించే బెంచి మీదికి మార్చారు కదా, అలవాటు పడలేక అలా ఉన్నాడేమో అన్నాను. నేను అన్నది నాకూ సమంజసంగానే తోచింది. డీజిల్ తట్టుడులో పట్టుకోవడానికి స్వరం ఉండదు. షాపులో అన్నయ్య పుల్ల కరిచిపట్టుకుని గంటలకొద్దీ నిలబడుతున్నాడని, ఒక్క ఇంజిన్‌కూ తల ఊపడం లేదని అప్పటికే చెప్పుకుంటున్నారు.

రెండో వారానికి మాట కూడా తగ్గింది. నోరు తెరిస్తే గాలి వస్తోంది, గొంతు రావడం లేదు. గుసగుసలాడుతున్నట్టు మాట్లాడేవాడు. వదిన డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన గొట్టంతో లోపల చూసి అంతా శుభ్రంగా ఉందని, వాపూ లేదు గడ్డా లేదని, మాట రాకపోవడానికి గొంతులో కారణం కనపడడం లేదని చెప్పి విశ్రాంతి రాసి పంపాడు. వదిన ఆ కాగితం ఫ్రిజ్ మీద అయస్కాంతంతో అంటించింది. అన్నయ్య రోజూ దాని ముందు నిలబడి, తలుపు తీసి, ఏమీ తీసుకోకుండా మూసేసేవాడు.

ఆ రోజుల్లోనే నా గదిలో ఒక గీత కనపడింది. శబ్దాన్ని కంప్యూటరు తెర మీద గీతలుగా విప్పి చూస్తాం. ఇంజిన్ గీతలన్నీ ఒకదానికొకటి లెక్క ప్రకారం ఉంటాయి, ఇంజిన్ లేస్తే అన్నీ కలిసి లేస్తాయి. ఒక్కటి మాత్రం వాటితో కలవడం లేదు. ఇంజిన్ లేచాక, రెప్పపాటు ఆలస్యంగా, దాని వెనకే లేస్తోంది. దగ్గరగా వచ్చి, కాస్త దాటి, వెనక్కి తగ్గి, కలుస్తోంది. పదిహేను సెకన్లకోసారి తెగుతోంది. తెగిన చోట చిన్న మసక ఉంది. ఆ మసకను విడిగా తీసి వింటే అది ఊపిరి.

కుర్చీ వెనక్కి జరిపి కూర్చున్నాను. నా రక్తం చప్పుడు మామూలుకంటే గట్టిగా ఉంది.

ఆ గీతను తీసేసి మిగిలింది విన్నాను. అది ఇంజినే, అనుమానం లేదు. మసాలా నూరే యంత్రంలా ఉంది. మళ్లీ ఆ గీత ఒక్కటే ఉంచి విన్నాను. టెస్ట్ డ్రైవర్ రోమాలు లేపింది, చీఫ్ గారిని మూడు చుట్లు తిప్పింది ఇంజిన్ కాదు. పుల్లను కరిచిపట్టుకుని, తనలాంటిదే మరొకటి దొరికిందన్న సంతోషంతో దానివైపు వంగుతున్న ఒక మనిషి గొంతు అది.

ఆ రికార్డును ఆ రోజే తీసేయాల్సింది. కానీ ఏమని తీసేయాలి? మనిషి గొంతు రికార్డు చేస్తే పోతుందా? ఎంతమంది పాడడం లేదు, రేడియోలో మాట్లాడడం లేదు? మనసుకు ఒక చెడ్డ అలవాటు ఉంది, పక్కపక్కన కనపడిన రెండింటిని ముడివేస్తుంది. నేను దాన్ని అలా మందలించాను. మందలిస్తున్నది ఎవరో కూడా నాకు తెలుసు. నాలో, రోమాలు లేచిన ఆ డ్రైవర్ చేతులను మరిచిపోలేని మనిషే మందలిస్తోంది.

తోచక వదినను టెస్ట్ కారులో ఎక్కించుకుని ట్రాక్ మీద తిప్పాను. కొత్త బండి చూపిస్తానని చెప్పానంతే. మొదటి మలుపు దాకా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. మూడో గేరులో పడగానే రెండు చేతులతో సీటు పట్టుకుంది.

"ఆపు."

ఆపాను. స్పీకర్లు మూగబోయాక కూడా వదిన కాసేపు డ్యాష్‌బోర్డు వైపే చూసింది.

"మీ అన్నయ్యని ఇందులో ఎందుకు పెట్టావు?"

నేను చెప్పడం మొదలుపెట్టాను. పుల్ల, మైకు, ఫ్యాను హోరు, టైము లేకపోవడం. వదిన వింటున్నట్టు లేదు. "నిద్రలో ఇటు తిరిగేముందు ఊపిరి ఇలాగే తీసుకుంటాడు" అంది. తరువాత నా చేయి పట్టుకుని, ఇంట్లో ఏదో ఒక వస్తువు అడిగినట్టు మెల్లిగా, "తీసేయమ్మాయ్" అంది. తీసేస్తానన్నాను.

ఆ సాయంత్రం తీసేయడానికి కూర్చున్నాను. ఒక్క మీట నొక్కితే పోతుంది. అసలు ఫైలు, దాని కాపీలు అన్నీ నా ల్యాప్‌టాప్‌లోనే ఉన్నాయి, నా సంతకం పడేదాకా బయటికి వెళ్లవు; టెస్ట్ కారు స్పీకర్లకు కూడా శబ్దం వైర్‌లెస్‌లో అందులోంచే వెళ్తుంది. అన్నీ తీసేయమంటావా అని తెర అడిగింది. వద్దన్నాను. మర్నాడు నిజమేమిటో తేల్చుకుని తీసేద్దామనుకున్నాను. నాకు రుజువు కావాలి.

రుజువు దొరికింది. బెంచి గదికి ట్రాక్ వైపు పెద్ద అద్దాల కిటికీ ఉంది. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. అన్నయ్య వీపు అద్దం వైపు. ముందు ఆగిపోయిన డీజిల్ ఇంజిన్, పళ్ల మధ్య పుల్ల. బయట టెస్ట్ కారు తిరుగుతోంది. రెండు పొరల అద్దం దాటి ఏ శబ్దమూ లోపలికి రాదు. కారు మలుపు తిరిగి వేగం అందుకున్నప్పుడు అన్నయ్య కంఠం మీద ముడి పైకి లేచింది. గేరు మారినప్పుడు దిగింది. మళ్లీ లేచింది. ముక్కు నుంచి రవ్వంత చప్పుడు లేదు. కారు ఆగాక ముడి ఆగింది. అన్నయ్య పుల్ల తీసి చూసుకున్నాడు, అది తనది కాదన్నట్టు. నన్ను చూసి, ఏమిటమ్మలూ అన్నట్టు కనుబొమలు ఎగరేశాడు.

చూశాక కూడా పంతొమ్మిది రోజులు గడిచాయి. ఈ వాక్యం రాయడం తేలిక కాదు. ఆ పంతొమ్మిది రోజుల్లో మూడుసార్లు తీసేయడానికి కూర్చుని మూడుసార్లు వద్దన్నాను. ఇంకో దారి వెతుకుతున్నానని నాకు నేను చెప్పుకున్నాను. నా గొంతుతో ప్రయత్నించాను, రాలేదు. యంత్రం చేత అలాంటి స్వరం కట్టించాను, శవానికి పౌడరు రాసినట్టు ఉంది. చీఫ్ గారు రోజూ సంతకం ఎప్పుడని అడిగేవారు. వదిన అడగలేదు. భోజనాల దగ్గర నా కంచం కాస్త గట్టిగా పెట్టేది. అన్నయ్యకు గుసగుస కూడా పోయింది. ఉప్పు కావాలంటే వేలితో చూపించేవాడు.

చివరికి అన్నయ్యకు నేనే చెప్పాను. కోప్పడతాడనుకున్నాను. కాగితం తీసుకుని, "వినిపించు" అని రాశాడు.

ఆదివారం మధ్యాహ్నం షెడ్డులో ఎవరూ లేరు. టెస్ట్ కారు మధ్యలో నిలబడి ఉంది. అన్నయ్య స్టీరింగు ముందు, నేను పక్కన, ఒళ్లో నా ల్యాప్‌టాప్. ఇంజిన్ వేయలేదు. స్పీకర్లలో శబ్దం మాత్రం వదిలి, ఒకే వేగం మీద నిలిపాను. కారు కదలకుండా పరుగెత్తుతున్నట్టు ఉంది. అన్నయ్య కళ్లు మూసుకున్నాడు. మొహం మీద నేను చాలా రోజులుగా చూడని మెత్తదనం వచ్చింది. శ్రుతి కలుపు అన్నయ్యా, నీదే కదా, అందుకుని చూడు అన్నాను.

చాలాసేపు ఏమీ లేదు. తరువాత అల పుట్టింది. ఊఁ... ఊఁ... ఊఁ. మొదట వేగంగా. నాకు పట్టలేనంత సంతోషం వేసింది. గొంతు ఉంది, పోలేదు, లోపల ఎక్కడో దాక్కుంది, అంతే. అల నెమ్మదించింది. ఇంకా నెమ్మదించింది. ఇంకొక్క జానెడు దూరం. గెలిచావన్నట్టు అన్నయ్య వైపు తిరిగాను.

అన్నయ్య పెదవులు మూసి ఉన్నాయి. కంఠం నిశ్చలంగా ఉంది. కళ్లు తెరిచి నా వైపు చూస్తున్నాడు. నా మొహం వైపు కాదు, అంతకంటే కిందికి.

చేయి ఎత్తి నా మెడ మీద పెట్టుకున్నాను. అక్కడ వణుకుతోంది.

ఆపాలనుకున్నాను. ఆగలేదు. ఊపిరి అయిపోయింది, ఇక ఆగుతుందిలే అనుకున్నాను. నా ప్రమేయం లేకుండా ఛాతీ మరో ఊపిరి లాక్కుంది. అన్నయ్యా అని పిలవబోయాను. నోరు ఆ మాట ఆకారంలో తెరుచుకుంది, అందులోంచి ఆ స్వరమే వచ్చింది. అల దాదాపు ఆగిపోయింది. అది పూర్తిగా ఆగితే నేనూ స్పీకరూ ఒకటే అవుతామని, ఆ తరువాత నాది అని వేరే ఏదీ మిగలదని నాకు తెలిసింది. ఎలా తెలిసిందో చెప్పలేను. మెట్టు జారినప్పుడు ఒంటికి తెలిసినట్టు తెలిసింది.

ఒళ్లో ఉన్న ల్యాప్‌టాప్ మీద చేయి పడింది. అన్నీ తీసేయమంటావా అని తెర అడిగింది. నొక్కాను.

షెడ్డు రేకుల మీద పిట్ట నడిచే చప్పుడు వినపడింది. నా మెడ ఊరుకుంది.

"తీసేశావా?"

బొంగురుగా ఉంది, తుప్పు పట్టినట్టు ఉంది, కానీ గొంతు. అన్నయ్యకే ఆశ్చర్యమేసి, దగ్గి, గొంతు సవరించుకుని మళ్లీ అన్నాడు. "అమ్మలూ, తీసేశావా?"

తల ఊపాను. నొక్కి పది సెకన్లు కూడా కాలేదు.

అన్నయ్య నా ఒళ్లోకి వంగి ఆ మీట వైపు చూశాడు. తన వేలితో దాన్ని ఒకసారి మెల్లిగా తాకాడు కూడా. మొహంలో కోపం లేదు. ఇంజిన్ లోపం ఎక్కడుందో వెతుకుతున్నప్పుడు ఉండే శ్రద్ధ ఉంది, అంతే.

"ఇంతేనా? ఇదొక్కటి నొక్కితే అయిపోయేదా?"

నేను మాట్లాడలేదు. మాట్లాడగలను, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. అన్నయ్య తలుపు తీసుకుని దిగి, షెడ్డు గుమ్మం దాకా నడిచి, ఫోను తీసి వదినకు చేశాడు. నేనే, నేనే మాట్లాడుతున్నాను, అవును, నిజంగా నేనే, ఏడవకు, వచ్చేస్తున్నా అని చెప్పడం వినపడింది. ఫోను జేబులో పెట్టుకుని నా కోసం వెనక్కి చూశాడు.

నేను కారులోంచి దిగలేదు.